ఈసారి రాణి మునగదు

కిందటి వారం రాణమ్మను లాడ్జి గదిలో, బాత్రూం గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డ చోటే వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉంటుంది, పదండి. ఇప్పుడే వచ్చి కూర్చున్న వాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాణమ్మ అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఊరూరా తిరిగి ఆడే నాటక సమాజంలో రాణి వేషం కట్టీ కట్టీ ఆమె రాణమ్మ అయిపోయింది. సమాజం నడిపేదీ, అందులో రాజు వేషం కట్టేదీ ఆమె భర్తే. ఆయన్ని అందరూ గురువుగారంటారు. వాళ్లు ఆడేది ఒక్కటే నాటకం. గుట్ట మీద యుద్ధంలో రాజు పడిపోతాడు, ఆ కబురు విన్న రాణి సరస్సులో దూకేస్తుంది, జనం ముక్కులు చీదుకుంటూ ఇళ్లకు పోతారు. ఆ యుద్ధం నిజంగా జరిగిన గుట్టనూ ఆ సరస్సునూ చూపిస్తాను రమ్మని, పెళ్లయిన ఇన్నేళ్లకు గురువుగారు అడిగితే రాణమ్మ పొంగిపోయింది. నిన్న సాయంత్రం ఆ పొంగు కాస్తా చల్లారింది. బాత్రూంలోంచి బయటికి రాబోతూ, ఆయన ఫోన్లో మేనకోడలితో అంటున్న మాట వింది.

"రాణి వేషం ఇక నీదే చిట్టీ. మీ అత్తయ్యకు నేను నెమ్మదిగా చెబుతాను. అందుకేగా ఇంత దూరం తీసుకొచ్చింది!"

విని కూడా రాణమ్మ తలుపు తీసుకుని మామూలుగానే బయటికొచ్చింది. మామూలుగానే పడుకుంది. వేషాలు కట్టే మనిషికి ముఖం దాచుకోవడం ఒకరు నేర్పాలా? పొద్దున్నే గురువుగారు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని కుడి మోకాలికి ఎలాస్టిక్ పట్టీ చుట్టారు. మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచీ రోజూ చుట్టేది ఆయనే. చుట్టాక కిందికి వేలు దూర్చి చూసి, "బిగువైందా?" అని అడిగేదీ ఆయనే. ఇంత శ్రద్ధగా పట్టీ చుట్టే మనిషి అంత మాట దాచాడే అన్నది ఆమెకు మింగుడు పడలేదు. కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. ఏడుపు రావలసిన చోట ఆకలేసింది. బ్రెడ్డూ ఆమ్లెట్టూ శుభ్రంగా తిని, గుట్ట మీదే అడుగుదామని నిర్ణయించుకుంది.

గుట్టను చూడగానే గురువుగారి ముఖం వాడిపోయింది.

"ఇంతేనా?" అన్నారు.

నిజమే, అదేమంత గుట్ట కాదు. కార్లు ఆగే చోటు నుంచి సిమెంటు మెట్లు, మెట్లకు ఇనుప కమ్మీ, పైన సమంగా కోసిన గడ్డి, గడ్డిలో రెండు పాత ఫిరంగులు, ఒక ఫిరంగి నోట్లో ఎవరో కుక్కిన చిప్స్ పొట్లం. ఇన్నేళ్లుగా తాను వీరమరణం పొందుతున్న యుద్ధభూమి ఇదేనంటే గురువుగారికి చిన్నతనంగా ఉంది. నడుము మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులూ కొలిచారు.

"శత్రుసైన్యం కుడి పక్క నుంచి రావాలి కదా! అక్కడేమో టాయిలెట్లు కట్టారు."

"అప్పుడు ఉండి ఉండవులెండి," అంది రాణమ్మ.

ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపు ఆవిడ నిన్నటి సంగతి మర్చిపోయింది కూడా. ఈ మనిషితో ఇదే చిక్కు, కోపంగా ఉందామనుకున్నప్పుడే నవ్విస్తాడు.

గుట్ట నడినెత్తిన నిలువెత్తు రాయి ఒకటి ఉంది. దాని మీది అక్షరాలు అరిగిపోతే, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం వాటినే పక్కన బోర్డు మీద మళ్లీ రాయించారు. 'రాజు ఇచట పడెను. రాణి ఆవలి తీరము చేరెను.' అంతే. వాళ్ల నాటకంలో తెర దిగే ముందు వెనక నుంచి గంభీరంగా వినిపించే మాటలు ఇవే. గురువుగారి నాన్నగారు, అంటే రాణమ్మ మామగారు, వయసులో ఉండగా ఇక్కడికొచ్చి ఈ రెండు ముక్కలూ చదివి, ఈ రాయి పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, తిరుగు బస్సులోనే నాటకం మొదలుపెట్టారని సమాజంలో కథగా చెప్పుకుంటారు.

గురువుగారు రాయి ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"రాణి... ఆవలి... తీరము... చేరెను!"

'ఆవలి' దగ్గర గొంతు వణికించడం ఆయన ప్రత్యేకత. గడ్డిలో కూర్చుని ఉన్న ఒక కుటుంబం ముందు ఉలిక్కిపడి, తర్వాత తేరుకుని చప్పట్లు కొట్టింది. గురువుగారు వంగి వాటిని అందుకున్నారు.

చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టింది రాణమ్మ.

"ఇక్కడ చెబుతారా, సరస్సు దగ్గర చెబుతారా?"

"ఏమిటి?"

"చిట్టి సంగతి."

గురువుగారు రాయి వంక చూశారు, ఫిరంగి వంక చూశారు, చివరికి పెళ్లాం వంక చూడక తప్పలేదు.

"విన్నావా?"

"ఆ తలుపు అట్టముక్కండీ. మీ గొంతేమో వెనక బెంచీ దాకా వినబడే గొంతు."

"నీ మోకాలి కోసమే రాణీ! ఆ మధ్య ఆటలో దూకి లేవలేకపోయావు. తెర వెనక నుంచి నిన్ను మోసుకొచ్చింది నేనే కదా? నాకెంత భయమేసిందో నీకు తెలీదు. చిట్టి కుర్రపిల్ల. ఒళ్లంతా రబ్బరు. పైగా..." అని నీళ్లు నమిలారు.

"పైగా?"

"వయసులో ఉన్న రాణి మునిగితే జనం ఏడ్చే ఏడుపే వేరు."

ఆ మాట రాణమ్మకు సూటిగా తగిలింది.

"మరి రాజుగారికి వయసు రాలేదా?"

"రాజుకు మీసం ఉంటుంది కదే!" అన్నారు గురువుగారు, అదొక పెద్ద న్యాయమైనట్టు.

నవ్వు రాలేదు ఈసారి. "మోకాలు నాది," అంది రాణమ్మ. "వేషం నాది. వదిలెయ్యమంటే వదిలేసేదాన్నేమో, మీరు అడిగుంటే. నన్నడక్కుండా, గుట్టా సరస్సూ చూపిస్తానంటూ ఇంత దూరం తీసుకొచ్చారు చూడండి, అది నాకు కష్టంగా ఉంది. చాలా కష్టంగా ఉంది."

రాణమ్మ కళ్లు తుడుచుకుని, ఏడుపు సంగతి పక్కన పెట్టి పనిలోకి దిగింది.

"వేషం ఎవరిదో తర్వాత తేల్చుకుందాం. ముందు ఒకటి చెయ్యండి. పరుపు ఎడమ మూల తాడుతో బల్ల కోడుకు కట్టాలని చిట్టికి చెప్పండి."

ఆ పరుపు సంగతి తెలిస్తే గానీ తర్వాతి కథ తెలియదు. స్టేజీ మీద సరస్సంటే నీలం గుడ్డ. అటొకరూ ఇటొకరూ అంచులు పట్టుకుని అలల్లా ఊపుతుంటారు. ఎత్తు బల్ల మీద నుంచి రాణి ఆ గుడ్డ వెనక్కి దూకుతుంది. పడేది పరుపు మీద. కొన్ని హాళ్లలో నేల నున్నగా ఉంటుంది. పరుపు మూల కట్టకపోతే అది మనిషితో పాటు జారిపోతుంది. ఆటకు ముందు, మేకప్ కూడా వేసుకోకముందే, రాణమ్మ వెళ్లి స్వయంగా ఆ తాడు కట్టుకుని, రెండుసార్లు కాలితో తన్ని చూసుకునేది. ఆ మధ్య ఒక ఆటకు తాడు కనబడకపోతే, "టైమైంది, కానియ్," అన్నది గురువుగారే. ఆమె మోకాలు పోయింది ఆ రోజే.

"మీ నోటితో మీరే చెప్పండి," అంది. "నేను చెబితే వేషం పోయిందన్న అక్కసుతో బెదిరిస్తున్నాననుకుంటుంది."

"ఆట ఎల్లుండి కదా, చెబుదాంలే..."

"ఇప్పుడే."

గురువుగారు ఫోన్ తీశారు. ఎండ పడుతోందని అటు తిరిగి, బొటనవేలితో ఏదో నొక్కి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"మెసేజ్ పెట్టేశాను. సరేనా?"

"సరే," అంది రాణమ్మ. ఆ ఒక్క విషయంలోనైనా ఆమె మనసు కుదుటపడింది.

గుట్ట వెనక వైపు నుంచి దిగితే సరస్సు. ఎండ వాలేదాకా గడ్డిలోనే కూర్చుని అప్పుడు దిగారు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్న భార్యకు చెయ్యి అందించాలని గురువుగారికి ఉంది. అందుకుంటుందో లేదో అని భయం. చివరి మలుపు తిరిగాక రాణమ్మ తనంతట తనే ఆగిపోయింది.

ఇన్నేళ్లుగా తాను దూకుతున్న సరస్సును ఆవిడ ఇప్పుడే మొదటిసారి చూసింది. నీలంగా లేదు. ఒడ్డు దగ్గర పల్చటి టీ రంగు, లోపలికి పోయేకొద్దీ బూడిద రంగు. బాతులు తమ పనిలో తాము ఉన్నాయి. ఒడ్డున బెంచీలు, ఐస్‌క్రీం బండి, అద్దె సైకిళ్లు. గాలికి రెల్లు ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తోంది. దూరంగా అవతలి ఒడ్డున చెట్లూ, చెట్ల ముందు తెల్లటి మెట్లూ స్పష్టంగా కనబడుతున్నాయి. చూస్తుంటే ఛాతీ నిండా గాలి పీల్చుకోవాలనిపించే చోటది. ఇంత మంచి చోట చచ్చిపోవాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుంది అనుకుంది రాణమ్మ.

అప్పుడు వినబడింది కేక.

"ఆవలి తీరం! ఆవలి తీరం! ఇద్దరికి చోటుంది! ఎవరండీ ఆవలి తీరం?"

గురువుగారు అదిరిపడ్డారు. తండ్రి రాసుకున్న ఆఖరి మాటను ఎవరో బస్సు కండక్టరులా అరుస్తున్నారు. పడవల రేవులో నెత్తికి గుడ్డ కట్టుకున్న బలమైన ఆడమనిషి ఒకతె తెడ్డు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. పడవ ముక్కు మీద, బస్సుకు ఊరి పేరు రాసినట్టు, తెల్ల రంగుతో 'ఆవలి తీరం' అని రాసి ఉంది.

రాణమ్మ కుంటుకుంటూనే గబగబా రేవులోకి దిగింది.

"ఆవలి తీరమంటే?"

"అదిగో, ఆ మెట్లు," అని చూపించింది పడవావిడ. "ఆ రేవు పేరే అది. నాటు పడవల కాలం నుంచీ అదే పేరు."

"అక్కడేముంది?"

"రాణి దిగిన మెట్లు. పైన ఆవిడ కట్టించుకున్న ఇల్లు, ఇప్పుడు గోడలే మిగిలాయిలెండి. యుద్ధంలో మిగిలినవాళ్లను వెంటేసుకుని ఇటు నుంచి అటు దాటిందట. తలంతా నెరిసేదాకా అక్కడే ఉందంటారు. ఎక్కుతారా?"

రాణమ్మ ఆ మెట్ల వైపు చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. చిన్నగా మొదలై పొట్ట పట్టుకునేదాకా వచ్చింది. బెంచీల మీది వాళ్లు తలలు తిప్పి చూశారు. నవ్వుతూనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏవండీ, విన్నారా! చేరింది! రాణి నిజంగానే చేరింది! రాయి మీద ఉన్న మాట ఉన్నట్టే ఉంది. మనమే..."

"మా నాన్న అబద్ధం రాశాడంటావా?" స్టేజీ మీద తప్ప మీసం ఉండని గురువుగారి పైపెదవి అదిరింది.

"మామగారు కవి అండీ. తీరం అనే మాట వినబడితే చాలు, ఆయనకు చావు తప్ప ఇంకేం కనబడదు. గుట్ట మీదే ఏడ్చేసి బస్సెక్కారాయె. నాలుగడుగులు కిందికి దిగుంటే ఈవిడ కేక వినేవారు. ఇలాంటి పొరపాటు నాటకాల వాళ్లకు తప్ప ఇంకెవరికీ చేతకాదు! ఆ మహాతల్లి పడవెక్కి వెళ్లి సంసారం చక్కదిద్దుకుంటే, మనం ఆవిణ్ని ఊరూరా ముంచుకుంటూ తిరిగాం."

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను. అదే నాటకం ఎల్లుండి మళ్లీ ఆడతామా? చిట్టిని తీసుకొచ్చి ముంచుతామా?"

"రాణి బతికితే నాటకం చస్తుంది రాణీ!" గురువుగారి గొంతు నిజంగానే గద్గదమైంది. "జనం ఏడవడానికి వస్తారు. మునగని రాణిని ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అంది రాణమ్మ. "మొదటి వరసలో కూర్చుని చూస్తాను. వేషం చిట్టికిచ్చినా సరే, ఇంకెవరికిచ్చినా సరే. ఇక ఏ రాణీ దూకదు. భర్త పోయాడని తెలిసి కూడా, మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి పడవెక్కించి, ఆఖర్న తాను ఎక్కుతుంది. దానికి ఏడవని వాళ్లుంటే నా పేరు మార్చుకుంటాను."

"నీ పేరు ఎప్పుడో మారిపోయింది."

"అయితే మళ్లీ మార్చుకుంటాను."

పడవావిడకు చెయ్యి అందించి, పట్టీ కట్టిన కాలు ముందు పెట్టి, రాణమ్మ పడవెక్కి కూర్చుంది. పడవ ఊగింది. అది చూసి ఒడ్డున ఉన్న గురువుగారు రెండడుగులు వెనక్కి వేశారు. యుద్ధంలో రోజూ నిలబడి చచ్చే ఈ రాజుగారికి నీళ్లంటే మహా భయం. స్నానానికి షవరు కింద కూడా నిలబడరు, చెంబే కావాలి.

"ఇంకొకరికి చోటుంది!" అని కేకేసింది పడవావిడ, ఆయన ముఖంలోకే చూస్తూ.

"రాణీ, దిగు. మాట్లాడుకుందాం."

"వస్తే మాట్లాడుకుందాం. రాకపోతే ఆ బెంచీ మీద కూర్చోండి. నేను చూసి వస్తాను."

పడవావిడ తాడు విప్పింది. పడవకూ రేవుకూ మధ్య జానెడు నీళ్లు కనబడ్డాయి. ఆ జానెడే గురువుగారిని కదిలించింది. "ఆగండి! ఆగండి!" అంటూ వచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని, పడవలో కాలు పెట్టడం కాదు, పడ్డారు. లేచి పెళ్లాం పక్కన కూర్చుని రెండు చేతుల్తో రెండంచులూ పట్టుకున్నారు. రాణమ్మకు కోపమూ పోలేదు, ప్రేమా ఆగలేదు. ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

తెడ్డు పడుతోంది, లేస్తోంది. అవతలి మెట్లు పెద్దవవుతున్నాయి. ఆ రోజు రాణి ఏ పక్కకు తిరిగి కూర్చుని ఉంటుంది? వెనక్కి గుట్ట వైపా, ముందుకు మెట్ల వైపా? ఆ సీను ఎలా మొదలవ్వాలో రాణమ్మ తలలో అప్పుడే రూపు కడుతోంది. మొదటి మాట కూడా దొరికేలా ఉంది.

గురువుగారి జేబులో ఫోన్ మోగింది.

"నువ్వు తియ్యి," అన్నారాయన కళ్లు తెరవకుండానే. "చేతులు వదల్లేను."

తీసి చూస్తే చిట్టి. రాణమ్మ స్పీకర్ నొక్కింది.

"మావయ్యా!"

"నేనమ్మా, అత్తయ్యను. ఏమైంది, ఏడుస్తున్నావా?"

అవతల కాసేపు వెక్కిళ్లే వినబడ్డాయి. తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. "దూకి చూద్దామని మధ్యాహ్నం హాల్లో ప్రాక్టీస్ చేశాను అత్తయ్యా. పరుపు జారిపోయింది. మడమ విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాను, ఆపరేషన్ చెయ్యాలంటున్నారు."

"పరుపు మూల కట్టలేదా తల్లీ?"

"కట్టాలని నాకేం తెలుసు?" చిట్టి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఆ సంగతి మీ అత్తయ్య ఒక్కదానికే తెలుసని మేకప్పాయన ఇప్పుడు చెబుతున్నాడు. రోజూ నువ్వే కట్టుకునేదానివట. మరి నాకెందుకు చెప్పలేదు? వేషం నాకిస్తున్నారనా? కావాలనే చెప్పలేదా అత్తయ్యా?"

రాణమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. గురువుగారు కళ్లు తెరిచి ఉన్నారు. ముఖాన నెత్తురు చుక్క లేదు. గుట్ట మీద మెసేజ్ పెట్టేశానన్న ఆ బొటనవేలు పడవ అంచును పట్టుకుని తెల్లగా పాలిపోయి ఉంది. ఇంక అడగవలసిందేమీ లేదు.

ఆవిడ ఫోన్ మీద అరచెయ్యి మూసింది.

"పెట్టలేదు కదూ?"

"పెడదామనే అనుకున్నాను రాణీ," అన్నారాయన పెదవుల మధ్య నుంచి. "నీకు తెలిసిపోయిందని దానికెలా చెప్పాలో తోచలేదు... ఇప్పుడు మాత్రం చెప్పకు. అది నా ముఖం చూడదు. మా చెల్లెలు నన్ను గడప తొక్కనివ్వదు. మర్చిపోయానని నువ్వే అను, పోనీ. నీ వేషం నీకిచ్చేస్తాను. ముగింపు కూడా నువ్వు చెప్పినట్టే మారుద్దాం. రాణి పడవే ఎక్కుతుంది. ఒట్టు."

ఈ రోజు ఆవిడ కోరుకున్నదంతా అదే. వేషం, పడవ, బతికే రాణి. మూడూ ఒక్క మాటకు చేతికొస్తున్నాయి. ఆ ఒక్క మాటతో చిట్టి జీవితాంతం అత్తయ్యను అనుమానిస్తుంది, అంతే. రాణమ్మ నీళ్ల వైపు చూసింది. ఎంతో లోతు ఉన్నట్టు లేదు. అయినా ఇందులో ఇప్పటికే చాలాసార్లు దూకాను, ఇక చాలు అనుకుంది.

ఫోన్ మీది చెయ్యి తీసేసి, దాన్ని ఆయన నోటి ముందు పెట్టింది.

"చెప్పండి," అంది. "గట్టిగా చెప్పండి. వెనక బెంచీ దాకా వినబడాలి."

"మావయ్యా? అక్కడున్నావా? ఎవరో ఒకరు మాట్లాడండి!" అంటోంది చిట్టి.

పడవ ముక్కు మెట్టుకు తగిలి ఆగింది. "ఆవలి తీరం! దిగండి, దిగండి!" అని కేకేసింది పడవావిడ. ఎవరూ లేవలేదు. రాణమ్మ చెయ్యి చాపినట్టే ఉంది, గురువుగారు నోరు తెరిచారు.